కుడివైపు కొక్కెం

జూన్ 9

అత్తా,

క్షేమంగా దిగాను, పదిరోజులైంది. నాన్న కెమెరా, ఫొటోలు పెద్దవి చేసే ఆ ఎన్‌లార్జరు కూడా క్షేమం. దుప్పటి చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకు కూర్చుంటే పక్కసీటావిడ వంగి చూసి "పాపా, బాబా?" అని అడిగింది.

నీకు ఫోనంటే గిట్టదు కాబట్టి ఉత్తరమే గతి. ముప్పై ఏళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఊరందరి మాటలూ కలిపి కలిపి చెవి కాయ కాసిందంటావు. సరే, నేను రాస్తా, నువ్వూ రాయాలి మరి. "చేరినందుకు సంతోషం" అని కార్డు పడేసి ఊరుకుంటే ఒప్పుకోను.

ఉద్యోగం సంగతి చెప్తా. ఇక్కడ రోడ్డు వెడల్పు చేస్తున్నారు. అడ్డొచ్చే ఇళ్ళన్నీ కొట్టేస్తారు. కొట్టేసే ముందు ప్రతి ఇంటికీ బయట నాలుగు ఫొటోలు, లోపల గదికొకటి తీసి ఫైల్లో పెట్టాలి. అదీ నా పని. మా సర్వేయరు మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుంటుంది. టేపు సారు అని పేరు పెట్టాను, మనసులోనే లే. ఆయన ముందు నడుస్తూ గోడమీద ఎర్రరంగుతో నంబరు వేస్తాడు, నేను వెనకాలే వెళ్ళి ఫొటో తీస్తాను. ఇప్పటికి ముప్పై ఆరిళ్ళయ్యాయి. వచ్చేవారం పాత ప్రింటింగు ప్రెస్సు వెనక సందు. అక్కడన్నీ ఖాళీ కొంపలేనట. పావురాలు తప్ప పలకరించే నాథుడు లేడన్నాడు టేపు సారు.

ఆఫీసు ఫొటోలకి ఆఫీసు కెమెరా ఉంది. నాకోసం మాత్రం నాన్న కెమెరాతో ఫిల్ము మీద తీసుకుంటున్నా. స్నానాలగదిలో ఎర్రబల్బు పెట్టి నేనే కడుగుతున్నా. కింది వాటా ఇంటావిడకి నామీద అనుమానం. మొన్న తలుపు కొట్టి "లోపల ఏం కాస్తున్నావమ్మా, వాసనొస్తోందీ?" అంది.

నీ మోకాలెలా ఉంది? ఇంతకీ ఈ ఊళ్ళో నువ్వు కొన్నాళ్ళున్నావని నాన్న ఓసారి అన్నట్టు గుర్తు. నిజమేనా?

నీ బుడంకాయ


జూన్ 14

ఒసే బుడంకాయ్,

మోకాలి సంగతి అడక్కు. అది నాకన్నా ముందే ముసలిదైపోయింది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు నీకోసం. నాలుగోసారి "ప్రెస్సు వెనక సందు" అన్న ముక్క కోసం.

నిజమే. ఆ ఊళ్ళో ఆరేళ్ళున్నాను. మీ మామయ్యా నేనూ కాపురం పెట్టింది ఆ సందులోనే. ఆయన ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, వరసగా పేర్చే పని. ఆయనకి రాత్రి డ్యూటీ, నాకు పగలు. ఆయనొచ్చే వేళకి నేను వెళ్ళేదాన్ని. గుమ్మంలో ఎదురుపడి, నుంచునే నాలుగు మాటలు చెప్పుకునేవాళ్ళం. సగం కాపురం ఆ గుమ్మంలోనే అయిపోయింది.

మీ నాన్న ఆ ఊసెత్తేవాడు కాదు. ఎవరైనా ఎత్తితే దగ్గేవాడు. దాచేంత ఘనకార్యమేం కాదు. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట నాకు పై ఉద్యోగమిచ్చి ఈ ఊరికి బదిలీ చేశారు. వెళ్దామన్నాను. ప్రెస్సు వదలనన్నాడు. మాటా మాటా పెరిగింది. పెట్టె పట్టుకుని వచ్చేశాను. నా వెనకాలే వస్తాడనుకున్నాను. రాలేదు సరికదా, ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. నేను మాత్రం ఎందుకు రాస్తాను? విడాకులూ లేవు, కలుసుకోడమూ లేదు. అంతే.

ఇప్పుడొక పని చెప్తాను, ఎందుకని అడక్కు. సందులో ఎడంచేతి వైపు, ముందు గుండ్రటి మెట్లున్న ఇల్లు ఉంటుంది. సందు మొత్తానికి అలాంటిది అదొక్కటే. ఇంకా నిలబడి ఉంటే ఫొటోలు తియ్యి. వంటిల్లు ముఖ్యం. పొయ్యి గట్టు పైన గోడకి చెక్కపలక, దానికి రెండు ఇనప కొక్కేలు ఉండేవి. ఉంటే దగ్గరగా వెళ్ళి తియ్యి. చేత్తో మాత్రం ముట్టుకోకు.

మీ నాన్న కెమెరాతోనే తీసి, నీ చేత్తో కడిగి పంపు. ఆఫీసు బొమ్మలు నాకొద్దు.

అత్త


జూన్ 25

అత్తా,

నీ ఇల్లు ఉంది! గుండ్రటి మెట్లు మూడూ ఉన్నాయి. నడిమి మెట్టు పగిలి అందులోంచి గడ్డి మొలిచింది. నంబరు 47. టేపు సారు గోడమీద రంగు వేస్తుంటే చూడలేక అటు తిరిగి నిలబడ్డాను. నలభై ఆరు కొంపలకి చెయ్యని పని దీనికి చేశాను, నువ్వు కాపురమున్నావని తెలిసే కదా.

తలుపు తాళం తుప్పుపట్టి పట్టుకుంటే చేతికొచ్చింది. ముందుగదిలో సామానేం లేదు. కానీ గోడమీద సామాన్లు ఎక్కడెక్కడుండేవో అక్కడక్కడ సున్నం తెల్లగా మిగిలిపోయింది. ఇక్కడ బీరువా, ఇక్కడ మంచం, ఇక్కడ గుండ్రంగా అద్దమో గడియారమో అని లెక్కేసుకుంటూ నిలబడ్డాను. అలమారు అరల్లో పరిచిన కాగితాలన్నీ ప్రెస్సులో పాడైపోయిన అచ్చుకాగితాలే. ఒకే పెళ్ళి శుభలేఖ పదకొండుసార్లుంది, పెళ్ళికూతురి పేరు పదకొండుసార్లూ తప్పే. మామయ్య పనేనా?

వంటింట్లో పగలు కూడా చీకటే. వెనక కిటికీలోంచి సాయంత్రం నాలుగింటికి పావుగంటసేపు ఎండ పడుతుందని, సందులో ఇంకా మిగిలిన ఒకే ఒక్క మనిషి, ఎదురింటి దర్జీ చెప్పాడు. స్టూలు కూడా ఇచ్చాడు. దానిమీద గంటన్నర కూర్చున్నాను. ఎండొచ్చింది. గోడ మీదుగా మెల్లిగా పాకి పలకమీద కాసేపు ఆగింది. అవును, నీ పలక ఉంది. రెండు కొక్కేలూ ఉన్నాయి. ఇల్లంతా ఊడ్చి తీసుకుపోయినా, నీలం అంచున్న ఎనామెలు కప్పు ఒకటి దానికే వేలాడుతోంది! వంటింట్లో మిగిలింది అదొక్కటే. ముట్టుకోలేదు. ఊపిరి కూడా దూరంగానే వదిలాను.

ఆరు ఫొటోలు పంపుతున్నా. కొక్కేలది ఆఖర్న కడిగాను. కుళాయి ఆగిపోయే వేళయిందని కంగారు కంగారుగా కడిగినా అన్నిట్లోకీ అదే బాగా వచ్చింది. నాన్న ఉంటే "ఫరవాలేదు" అనేవాడు. ఆయన నోట్లోంచి అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఎప్పుడైనా విన్నామా?

ఎలా ఉన్నాయో విడమరిచి రాయి.

నీ బుడంకాయ


జూన్ 30

అమ్మాయికి,

ఫొటోలు అందాయి. చూశాను. చాలు. ఇక ఆ ఇంటి సంగతి నాకు రాయకు.

ఆరోగ్యం జాగ్రత్త.

అత్త


జూలై 4

అత్తకి,

"అమ్మాయికి" అట! పుట్టి ఇరవై ఏడేళ్ళయింది, నువ్వు నన్నలా ఎప్పుడు పిలిచావు? పంటికి తగిలిన రాయిలా ఉంది ఆ మాట.

నీకోసం గంటన్నర స్టూలు మీద కూర్చున్నాను. స్నానాలగదిలో ఉక్కపోతకి చచ్చి, ఒక్కో ఫొటో మూడేసిసార్లు కడిగి, మంచిది ఏరి పంపాను. బాగాలేకపోతే బాగాలేదను. నాన్నంత పనితనం నాకు లేదని నాకూ తెలుసు. ఆయన పోయాక నా ఫొటో చూసి మంచో చెడో చెప్పేదానివి నువ్వొక్కదానివే మిగిలావు. నువ్వు కూడా "చాలు" అంటే ఇక ఆ కెమెరాని దుప్పట్లో చుట్టి అటక మీద పెడతాను, పీడా పోతుంది.

నామీద కోపమైతే నామీదే చూపించు. తిట్టు. రెండు పేజీలు తిట్టు. కానీ ఇలా ముక్తసరి ఉత్తరం రాయకు.

(సంతకం పెట్టను. నేను కూడా అమ్మాయినే కదా.)


జూలై 9

నా తల్లీ, నా బుడంకాయా,

నీ ఫొటోకి వంక పెట్టే మొహమా నాది? కొక్కేల ఫొటో చూసి గుండె ఆగినంత పనైంది. కప్పు అంచు పెచ్చూడిన చోట ఎండ పడి మెరుస్తోంది. మీ నాన్న ఉన్నా అలా తియ్యలేడు. కోపం నీమీద కాదే. దాన్ని చూసి తెలుసుకున్న సంగతి మీద.

చెప్తా విను. నవ్వుకో, ఫరవాలేదు.

పెళ్ళైన కొత్తలో మాకు కొట్లాడుకోడానికి కూడా తీరికుండేది కాదు. ఆయనింట్లో ఉంటే నేనుండను, నేనుంటే ఆయనుండడు. అలిగితే అలిగామని తెలిసేదెలా? అందుకని నేనే ఒక ఏర్పాటు చేశాను. అలిగినవాళ్ళు ఆ నీలం అంచు కప్పుని కుడివైపు కొక్కేనికి తగిలించాలి. అలక తీరాక ఎడమవైపుకి మార్చాలి. పెట్టినవాళ్ళే మార్చాలి, రెండోవాళ్ళు చెయ్యి వెయ్యకూడదు. మార్చేదాకా రెండోవాళ్ళు నోరెత్తకూడదు. ఇదీ షరతు. ఆయన కుడివైపున పెడితే పూట తిరక్కుండా మార్చేసేవాడు. నేను పెడితే మూడురోజులు. పాపం, ఆ మూడురోజులూ గుమ్మంలో ఎదురుపడినా మూగవాడిలా నా మొహం చూసి తలొంచుకుని లోపలికి పోయేవాడు.

ఇల్లు వదిలి వచ్చేసిన రోజున కప్పు కుడివైపున తగిలించి వచ్చాను. కావాలని కాదు. చెయ్యి అలవాటుపడిపోయింది, అంతే. రైలెక్కాక గుర్తొచ్చింది. తర్వాత మరిచిపోయాను. మరిచిపోయాననే అనుకున్నాను.

నీ మొదటి ఉత్తరం రాగానే నాకొక పిచ్చి ఆశ పుట్టింది. ఆ కప్పు ఇంకా కుడివైపునే ఉంటే? ఉంటే వెళ్దామని, నా చేత్తో మారుద్దామని బట్టలు కూడా సర్దుకున్నానే! నీ ఫొటోలో కప్పు ఎడమవైపుంది. మార్చింది నేను కాదు. అంటే నా అలకని ఆయనే తీసేశాడు. లేకపోతే ఆ వంటింట్లోకి ఇంకో ఆడది వచ్చి, దాంట్లో టీ తాగి, కడిగి, చేతికందిన కొక్కేనికి తగిలించి ఉంటుంది. ఏదైతేనేం, నాకోసం ఎదురుచూసినవాళ్ళెవరూ అక్కడ లేరు. ఇరవై తొమ్మిదేళ్ళయ్యాక ఏడుపెందుకే అని నన్ను నేనే తిట్టుకుని, సర్దిన బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టేశాను.

ఆ కెమెరాని అటకెక్కించావో, కాళ్ళు విరగ్గొడతాను.

నీ అత్త


జూలై 15

అత్తా! అత్తా!

ముందు నన్ను నాలుగు తన్ను. తర్వాత ఇది చదువు.

కప్పు కుడివైపునే ఉంది. కుడివైపునే. ఎవరూ ముట్టుకోలేదు.

నీ ఉత్తరం నిన్న అందింది. చదివి ఏడుస్తూ కూర్చున్నాను. పొద్దున ఆఫీసుకెళ్ళి 47వ నంబరు ఫైలు తీశాను, నీ వంటిల్లు ఇంకోసారి చూద్దామని. ఆఫీసు కెమెరాతో తీసిన ఫొటోలో కప్పు కుడి కొక్కేనికి ఉంది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. గదికి పరిగెత్తుకొచ్చి నెగెటివ్ తీసి దీపానికి పట్టి చూశాను. నీకు పంపినది నేను నెగెటివ్ తిరగేసి పెట్టి కడిగాను! ఎడమ కుడైపోయింది, కుడి ఎడమైపోయింది. మిగతా అయిదూ సరిగానే ఉన్నాయి. కుళాయి ఆగిపోతోందని కంగారుపడ్డానన్నానే, ఆ ఒక్కదానికే జరిగింది. నాన్న లక్షసార్లు చెప్పేవాడు, "మందు పూసిన మసకవైపు కిందకి, నిగనిగలాడేవైపు పైకి" అని. గోడా, పలకా, రెండు కొక్కేలూ ఎటునుంచి చూసినా ఒకలాగే ఉంటాయి కదా, నాకు తేడా తెలియలేదు. నీకొక్కదానికే తెలిసేది. నువ్వేమో ఎందుకో చెప్పలేదు, నేనేమో అడగలేదు.

సందులోకి పరిగెత్తాను. యంత్రం అప్పటికే 43 దగ్గరుంది. ఎదురింటి దర్జీని పట్టుకుని మామయ్య సంగతి అడిగాను. నాలుగేళ్ళ కిందటిదాకా ఆ ఇంట్లోనే ఉన్నాడట. ఒక్కడే. ఇంకో ఆడదీ లేదు, ఎవరూ లేరు, విన్నావా? ప్రెస్సు మూసేశారు, ఆ చిన్నక్షరాలు చూసి చూసి చూపు కూడా మందగించింది, అప్పుడు వాళ్ళక్కగారొచ్చి తీసుకెళ్ళింది. సామాన్లు బండికెక్కించేటప్పుడు కూలీ ఒకడు ఆ కప్పు మీద చెయ్యి వెయ్యబోతే ఎన్నడూ గొంతెత్తని మనిషి గట్టిగా అరిచాడట, "దాన్ని తియ్యకండి! పెట్టినవాళ్ళే తియ్యాలి!" అని. "చూపుతో పాటు మతి కూడా పోయిందేమో అనుకున్నాం. అన్నేళ్ళూ టీ గాజుగ్లాసులోనే తాగేవాడు, కప్పుని చూస్తూ" అన్నాడు దర్జీ.

అత్తా, ఆయన నీకు ఎందుకు రాయలేదో అర్థమైందా? నోరెత్తకూడదని షరతు కదా.

రేపు 47 కొట్టేస్తారు. నీకు కబురు చేరి నువ్వు వచ్చేలోపు ఇటుక కూడా మిగలదు. కప్పు నేను తియ్యకూడదు. అందుకని పలకనే ఊడదీశాను. మేకులు తుప్పుపట్టి ఒక పట్టాన రాలేదు. దర్జీ కత్తెర వంకర పోయింది, టేపు సారు ఉలీ సుత్తీ పట్టుకొచ్చాడు. "ఇది ఏ ఫైల్లో రాయమంటావమ్మా?" అని సణిగాడు గానీ పలక కిందపడకుండా పట్టుకున్నది ఆయనే. కప్పు చెవిని కొక్కేనికి దారంతో కట్టాను, నాలుగు ముళ్ళు. కప్పుని పక్కకి కదలనివ్వలేదు. మా జీపు డ్రైవరు రేపు నీ ఊరికే వస్తున్నాడు. ఈ ఉత్తరం, పలక ఇచ్చి పంపుతున్నా. పాలగిన్నె పట్టుకున్నట్టు నిటారుగా పట్టుకెళ్ళమని మూడుసార్లు చెప్పాను. దర్జీ ఇచ్చిన వాళ్ళక్కగారి చిరునామా పలక వెనకాల అంటించాను.

వెళ్ళు అత్తా. బట్టలు మళ్ళీ సర్దుకో.

బుడంకాయ


జూలై 24

ఒసే బుడంకాయ్,

ఇది వదినగారింట్లో, ఆయన పక్కన కూర్చుని రాస్తున్నా. అర్థమైంది కదా, ఎక్కడున్నానో.

మీ డ్రైవరు పలక పట్టుకుని మెట్లెక్కొచ్చి, మంచినీళ్ళు తాగవయ్యా అంటే "ముందిది అందుకోండమ్మా, చేతులు పట్టేశాయి" అన్నాడు. బంగారంలాంటి మనిషి. నువ్వు మళ్ళీ థాంక్స్ చెప్పు.

పలక బల్లమీద పెట్టుకుని రెండురోజులు ఎదురుగా కూర్చున్నానే. ఏడ్చాను, దాచడమెందుకు. రాయలేదు, రాయలేదు అని ఇరవై తొమ్మిదేళ్ళు ఆయన్ని ఆడిపోసుకున్నాను. నోరెత్తకూడదని షరతు పెట్టింది నేను. కప్పు పెట్టింది నేను. తియ్యాల్సింది నేను. తాళంచెవి నా దగ్గరే పెట్టుకుని తలుపు తియ్యలేదని ఆయన్ని తిట్టాను. ఇంత చేటు తెలివి నాకొక్కదానికే ఉంది. ఏం, నవ్వులాటకి పెట్టిన షరతు ఇన్నేళ్ళు పట్టుకు కూర్చోడం ఆయన తప్పు కాదా అని కూడా అనుకున్నా. తప్పే. కానీ ఆయన మొదట్నుంచీ అంతే. అక్షరం పేర్చాక దాన్ని కదపడు.

మూడోరోజు బయల్దేరాను. వదిన తలుపు తీసి నన్ను ఆనవాలు పట్టడానికి కాసేపు పట్టింది. పట్టాక చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ఆయన కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. ఖాళీ చేతులే, వేళ్ళు మాత్రం ఒళ్ళో ఏదో ఏరుతున్నట్టు కదులుతున్నాయి. కళ్ళకి మనిషి ఆకారం తప్ప మొహం ఆనదట.

"ఎలా ఉన్నారు?" అన్నాను. వేళ్ళు ఆగిపోయాయి. నా గొంతు గుర్తుపట్టాడు. పలకలేదు.

"నేనే. వచ్చాను" అన్నాను. పలకలేదు.

వదినకే కోపమొచ్చింది. "పొద్దుట్నుంచీ పక్కింటివాళ్ళతో ఒకటే వాగుడు, ఇప్పుడేమొచ్చిందిరా నీకు?" అని కసిరింది. ఊహూఁ. నాకూ ఒళ్ళు మండిందే. ఇంత దూరం, ఈ మోకాలేసుకుని వస్తే ఈ మనిషి మారడా అని గుమ్మం వైపు తిరిగాను కూడా. అప్పుడు ఆయన కుడిచెయ్యెత్తి, గాల్లో దేన్నో తగిలించినట్టు చూపించాడు.

ఓరి భగవంతుడా అనుకున్నాను. అంతదాకా నాకు తట్టనేలేదు!

సంచీలోంచి పలక తీసి ఆయన ఒళ్ళో పెట్టాను. తడిమి చూశాడు. ఎడమ కొక్కెం ఖాళీ. కుడి కొక్కేనికి కప్పు, కప్పుకి నీ దారం, దారానికి నాలుగు ముళ్ళు. ఒక్కో ముడినీ వేలితో నొక్కి చూసుకున్నాడు. తల ఊపి, చెయ్యి తీసేసి, రెండు చేతులూ కట్టుకుని కూర్చున్నాడు. పెట్టినవాళ్ళే తియ్యాలి కదా.

వదిన కత్తెర తెచ్చిచ్చింది. దారం కత్తిరించాను. కప్పు తీసి ఎడమ కొక్కేనికి తగిలించాను. టంగుమంది.

అప్పుడు నోరు తెరిచాడు.

"ఇంతసేపా?" అన్నాడు.

నీ అత్త, మామయ్య